అడుసు తొక్కితే తప్పేంటి?



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మీరు అడిగారు. పాత విద్యార్థులు రాసేవి సాధారణంగా రెండు రకాలు. ఆ రోజుల్లో మేమెంత కష్టపడ్డామో చెప్పేవి ఒకటి. ఇప్పుడు మీరెలా కష్టపడాలో చెప్పేవి ఇంకొకటి. రెండూ మీరు చాలా చదివారు. అందుకని మేము ఒక సైకిల్ పందెం గురించి రాస్తున్నాం. ఆ పందెంలో మేము గెలవలేదు. రెండో స్థానంలో వచ్చి, ఆ స్థానం కూడా పోగొట్టుకున్నాం. అయినా ఇన్నేళ్ళ తర్వాత మేము ఆరుగురం ఎక్కడ కలిసినా మాటల్లోకి వచ్చేది ఆ పందెమే.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. మన హాస్టల్ ఆటల పోటీల్లో ఏటా ఒక బురద సైకిల్ పందెం పెట్టాలి. దానికి పాత విద్యార్థులు షీల్డులు, కప్పులు కాకుండా సైకిళ్ళు ఇవ్వాలి. ఇదీ మా అభిప్రాయం. ఎందుకో వినండి.

2006 అక్టోబరు చివర్లో ఓగ్ని తుఫాను బాపట్ల వైపు తీరం దాటింది. కృష్ణా డెల్టా అంతా తడిసి ముద్దయింది. కంకి వేసిన వరి నేలకు ఒరిగిపోయింది. పడిన దుబ్బులు లేపి కట్టే కూలి పనికి మా అమ్మానాన్నలు మోకాలి లోతు నీళ్ళలో దిగుతున్న రోజులవి. అప్పుడు మేము తొమ్మిది, పది తరగతుల వాళ్ళం. నవంబరు 14 బాలల దినోత్సవానికి మా ఊళ్ళో పిల్లలకు సైకిల్ పందెం పెడుతున్నారని తెలిసింది. తారు రోడ్డు మీద పెట్టాల్సింది, గోతులు పడి లారీలు ఇబ్బందిగా ఉన్నాయని బందరు కాలువ గట్టు మీదికి మార్చారు. గట్టు మీద పోయి, వంతెన దాటి, చేల మధ్య డొంకలో తిరిగి, మళ్ళీ బడి గేటు దగ్గరికి రావాలి. అలా రెండు చుట్లు.

మా హాస్టల్లో ఎనభై మందిమి ఉండేవాళ్ళం. సైకిల్ మాత్రం ఒక్కటీ లేదు. అద్దె సైకిళ్ళ కొట్టాయన బురదలోకి ఇవ్వనన్నాడు. మిగిలింది మా కామాటి బాబాయి సైకిల్. 22 అంగుళాల పాత నల్ల సైకిల్. దాని మీదే ఆయన రోజూ తెల్లవారుజామున ఐదు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చి మాకు పొయ్యి వెలిగించేవాడు.

"బాబాయ్, ఒక్క పూట సైకిల్ ఇస్తావా?" అని అడిగాం.

"దేనికిరా?"

"పందేనికి బాబాయ్. సాయంత్రానికి కడిగి ఇచ్చేస్తాం."

"విరగ్గొట్టమాకండి. నాకు కాళ్ళు అయ్యే" అన్నాడు. అన్నాడే గానీ తాళం చెవి చేతిలో పెట్టాడు.

నల్లరేగడి బురద సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండితే రాయి, తడిస్తే జిగురు. టైరుకు పట్టిన బురద మడ్‌గార్డులోకి పోయి గట్టిగా కూరుకుంటుంది. తర్వాత చక్రం తిరగదు. అందుకని ముందు రోజు రాత్రే మడ్‌గార్డులు రెండూ, చైన్ కవరూ విప్పేశాం. టైర్లలో గాలి కొంచెం తగ్గించాం. గాలి తగ్గితే టైరు మెత్తబడి నేలను పట్టుకుంటుంది, జారదు. ఇదంతా మాకు ఎవరూ నేర్పలేదు. ఆ గట్టు మీద బస్తాలు వేసుకుని సైకిళ్ళు నడిపించే మా నాన్నలను చూసి నేర్చుకున్నాం.

పందెంలో పద్దెనిమిది మంది ఉన్నారు. పట్నం నుంచి వచ్చిన గేర్ల సైకిళ్ళు కూడా ఉన్నాయి. మా తరఫున తొమ్మిదో తరగతి కుర్రాడు దిగాడు. గట్టు మీద అందరికంటే వెనక పడ్డాడు. డొంక మొదలయ్యే చోట మాత్రం అసలు పందెం మొదలైంది. ముందు పోయిన సైకిళ్ళన్నీ అక్కడ కూరుకుపోయాయి. గేర్లలో గడ్డీ బురదా చుట్టుకుని, పిల్లలు దిగి పుల్లలతో గీకుతున్నారు. మా వాడు డొంక రాకముందే దిగాడు. కడ్డీ కిందనుంచి చెయ్యి దూర్చి సైకిల్ని భుజానికెత్తుకున్నాడు. చెప్పులు లేని కాళ్ళతో, గడ్డి ఉన్న అంచు పట్టుకుని పరుగెత్తాడు. నారు కట్టలు మోసుకుంటూ గట్ల మీద నడిచే ఇంట్లో పుట్టినవాడు. వాడికది కొత్త కాదు. రెండో చుట్టు అయ్యేసరికి రెండో స్థానంలో గేటు దాటాడు. మేము ఎగిరిన ఎగురుడు ఇప్పటికీ గుర్తుంది.

బహుమతులు ఇచ్చే ముందు నిర్వాహకుల్లో ఒకాయన లేచాడు. "సైకిల్ పందెమన్నాక తొక్కాలి. మోసుకొచ్చేదానికి కూలికి పోవచ్చుగా" అన్నాడు. అందరూ నవ్వారు. మా వాడి పేరు కొట్టేశారు. మొదట వచ్చిన కుర్రాడు కూడా డొంకలో దిగి సైకిల్ని నెట్టుకుంటూనే వచ్చాడు. నడిపిస్తే పర్వాలేదట, మోస్తే తప్పట! ఈ రూలు పందేనికి ముందు ఎవరూ చెప్పలేదు. రెండో బహుమతి స్టీలు క్యారేజీ. వాళ్ళ అమ్మకి ఇస్తానని మా వాడు ముందే అనుకున్నాడు.

ఇంతవరకు మా బాధ. ఇక మా తప్పు కూడా చెప్పాలి. రెండో చుట్టులో బండి చక్రాలు పడిన గాడిలోకి సైకిల్ దించేటప్పుడు వెనక రిమ్ము వంకర పోయింది, మూడు స్పోకులు విరిగాయి. బాబాయి ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులు చీకట్లో లేచి ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చి మాకు అన్నం వండాడు. కాస్మెటిక్ చార్జీల డబ్బుల్లోంచి తలా పది రూపాయలు వేసుకుని మేము రిమ్ము మార్పించాం. పందెం మాది, నడక ఆయనది! నిర్వాహకుడి మాట మమ్మల్ని ఎంత బాధపెట్టిందో, ఆ నాలుగు రోజుల నడక అంతకంటే ఎక్కువ బాధపెట్టింది. ఈ రెండూ కలిపి చూస్తేనే మేము చెప్పేది అర్థమవుతుంది.

ఆ తర్వాత ఏడేళ్ళకు, 2013లో, మాలో ఒకరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఒక రాత్రి కంప్యూటర్లో ఒక వీడియో చూసి మిగతా ఐదుగురికీ ఫోను చేశాడు. "ఒరేయ్, తెల్లవాళ్ళు సైకిళ్ళు భుజాన వేసుకుని బురదలో పరుగెత్తుతున్నారు. వేల మంది నిలబడి చప్పట్లు కొడుతున్నారు" అన్నాడు. ఆ ఆట పేరు సైక్లోక్రాస్.

దాని కథ తెలుసుకున్నాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్‌లో పుట్టిన ఆట ఇది. రోడ్డు పందేల వాళ్ళు చలికాలంలో ఒళ్ళు గట్టిపడాలని చేలకు అడ్డంపడి, కంచెలు దూకి పొరుగూరికి పందెం వేసుకునేవాళ్ళు. ఫ్రాన్సులో 1902లో జాతీయ పోటీ పెట్టారు. 1907లో ఆ పోటీ గెలిచిన ఆక్టేవ్ లాపీజ్ 1910లో ప్రఖ్యాతమైన టూర్ ద ఫ్రాన్స్ కూడా గెలిచాడు. 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. ఇప్పటి నిబంధనల ప్రకారం చుట్టు రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్లు ఉంటుంది. దారిలో గడ్డి, ఇసుక, బురద, మెట్లు ఉంటాయి. 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు అడ్డుపలకలు పెడతారు. పెద్దల్లో మగవాళ్ళ పోటీ సుమారు గంట సేపు సాగుతుంది. తొక్కగలిగిన చోట తొక్కుతారు. తొక్కలేని చోట దిగి సైకిల్ని భుజానికెత్తుకుని పరుగెత్తుతారు. ఎవరూ పేరు కొట్టెయ్యరు. ఎలా ఎత్తుకోవాలి, ఎక్కడ దిగాలి, మళ్ళీ ఎలా ఎక్కాలి అని కోచ్‌లు నేర్పుతారు. మా కుర్రాణ్ణి దేనికి నవ్వారో అదే అక్కడ విద్య!

ఈ ఆటలో బెల్జియం, నెదర్లాండ్స్ దేశాల వాళ్ళు దిట్టలు. నెదర్లాండ్స్ అంటే మనకు కొత్త దేశం కాదు. పదిహేడో శతాబ్దం మొదట్లో మన బందరుకు వ్యాపారానికి వచ్చిన డచ్చివాళ్ళ దేశమే. అది కూడా మన డెల్టా లాగే పల్లపు నేల. కాలువలూ, గట్లూ, బురదా. మనకూ 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్ళతో సుమారు 13 లక్షల ఎకరాలు పండుతున్నాయి. కాలువ గట్లకు, డొంకలకు కొదవలేదు. వాళ్ళ పల్లపు నేల నుంచి ప్రపంచ విజేతలు వచ్చారు. మన పల్లపు నేలలో బురద తొక్కేవాళ్ళకు వెక్కిరింపు వచ్చింది. తేడా నేలలో ఉందా, చూసే కళ్ళలో ఉందా?

అయితే ఆ వీడియోలో మాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. దారిలో ఒకచోట పందెగాళ్ళ రెండో సైకిల్ సిద్ధంగా ఉంటుంది. బురద పట్టిన సైకిల్ అక్కడ ఇచ్చేసి, కడిగిన సైకిల్ ఎక్కి పోతారు. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటి సైకిల్ని నీళ్ళ పంపుతో కడిగి, నూనె వేసి నిలబెడతారు. చూడ్డానికి పందెం ఒక మనిషిది. వెనక కడిగేవాళ్ళు, పట్టుకునేవాళ్ళు, రెండో సైకిల్ కొనిపెట్టినవాళ్ళు ఉన్నారు. మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. చదువులోనైనా ఆటలోనైనా మనకు తక్కువైనది బలమా? తెలివా? కాదు, రెండో సైకిల్! పట్నం పిల్లవాడికి ఒక పరీక్ష పోతే ఇంకో ఏడాది కోచింగ్ ఉంటుంది. మనవాడికి రిమ్ము వంకరపోతే కామాటి బాబాయి నడవాలి.

ఆ రెండో సైకిల్ ఉంటే మన పిల్లలు ఏం చేస్తారో చూశాం కూడా. 2014 మే 25న, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇద్దరూ పేద ఇళ్ళ పిల్లలే. ధైర్యం వాళ్ళ సొంతం. కానీ భువనగిరి గుట్ట మీద తాళ్ళు పట్టుకుని ఎక్కడం నేర్పినవాళ్ళున్నారు, డార్జిలింగ్ పంపి మంచులో శిక్షణ ఇప్పించినవాళ్ళున్నారు, బూట్లూ సామానూ సమకూర్చినవాళ్ళున్నారు. ధైర్యానికి తాడు తోడైతే ఎవరెస్టు కూడా అందింది.

ఇప్పుడు మా మాటకు వచ్చే అభ్యంతరాలు. మా సీనియర్ అన్నయ్య ఒకాయనకు ఈ ఆలోచన చెబితే కోప్పడ్డారు. "మీ అమ్మానాన్నలు మిమ్మల్ని బురదలోంచి బయటపడమని హాస్టల్‌కి పంపారు. మీరు మళ్ళీ పిల్లల్ని బురదలోకి దింపుతారా? పెద్దలు ఊరికే అన్నారా, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని?" అన్నారు.

అన్నయ్య మాటలో న్యాయం ఉంది. మా అమ్మ కాలివేళ్ళ మధ్య ఒరుపులు మాకు తెలుసు. ఆ కష్టాన్ని ఆట అని పిలిచి ముద్దు చేయడం మా ఉద్దేశం కాదు. ఆమె మళ్ళీ ఆ నీళ్ళలో దిగకూడదనే మేమూ చదువుకున్నాం. కానీ ఆ సామెత ఎవరు ఎవరికి చెప్పింది? తొక్కాలా వద్దా అని ఎంచుకోగలిగినవాళ్ళ సామెత అది. అడుసు తొక్కకపోతే నాటు లేదు, నాటు లేకపోతే అన్నం లేదు. ఎవరో ఒకరు తొక్కబట్టే ఆ సామెత చెప్పినవాళ్ళ కంచంలోకి కూడా మెతుకు వచ్చింది. బురదలోంచి బయటికి రావడం వేరు, బురద చూసి సిగ్గుపడటం వేరు. మొదటిది మనం సాధించుకుంటున్నాం. రెండోది మాత్రం చాలామందిమి ఉద్యోగాల్లోకి కూడా మోసుకుపోయాం. ఆఫీసులో ఊరి పేరు అడిగితే పక్కన ఉన్న పట్నం పేరు చెప్పినవాళ్ళం మాలోనూ ఉన్నాం. ఆ రోజు మా వాడి భుజం మీద ఉన్న సైకిల్ బరువు పదిహేను, ఇరవై కిలోలే. ఈ సిగ్గు బరువు అంతకంటే ఎక్కువ. ఆటలో నవ్వుతూ తొక్కిన బురదను చూసి ఏ పిల్లవాడూ తర్వాత సిగ్గుపడడు. మా పందెం కోరిక వెనక ఉన్నది ఇదే.

రెండో అభ్యంతరం, దెబ్బలు తగులుతాయని, జ్వరాలు వస్తాయని. నిజమే. ఎలుకల మూత్రం కలిసిన బురదనీళ్ళు గాయాల్లోంచి ఒంట్లోకి పోతే లెప్టోస్పైరోసిస్ అనే ప్రమాదకరమైన జ్వరం వస్తుంది. గాజుపెంకులుంటాయి. పక్కనే కాలువ ఉంటుంది. అందుకే పద్ధతిగా పెట్టాలంటున్నాం. మా ఆలోచనలు ఇవీ:

1. పందెం కాలువ అంచున వద్దు. హాస్టల్ మైదానంలోనో, ఊరి డొంకలోనో చిన్న చుట్టు చాలు. ముందు రోజు పెద్ద పిల్లలు ఆ దారంతా నడిచి గాజుపెంకులు, ముళ్ళు ఏరాలి. ఎవరి చేనూ తొక్కకూడదు.

2. ఒంటి మీద మానని గాయం ఉన్నవాళ్ళు దిగకూడదు. అందరికీ బూట్లు ఇవ్వాలి. మా వాడు చెప్పుల్లేకుండా పరుగెత్తాడని మేము గొప్పగా చెప్పుకుంటాం గానీ, అది గొప్ప కాదు, లేమి. ధనుర్వాతం ఇంజెక్షను వేయించారో లేదో ముందే చూడాలి. పందెం అవగానే సబ్బుతో కడుక్కునే నీళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె దగ్గరుండాలి.

3. అందరికీ ఒకే రకం సైకిళ్ళు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసి తేల్చాలి. సొంత సైకిల్ వద్దు, గేర్లు వద్దు.

4. తొక్కినా, నెట్టినా, మోసినా ఒప్పే. ఈ మాట పందేనికి ముందే అందరికీ చదివి వినిపించాలి. ఆఖరున వచ్చినవాడు గేటు దాటేదాకా ఎవరూ కదలకూడదు.

5. ప్రతి పందెంలో రెండు సైకిళ్ళు పక్కన సిద్ధంగా ఉంచాలి. ఎవరి సైకిల్ చెడినా తీసుకోవచ్చు. కడిగి, బిగించి ఇచ్చే పిల్లలకు కూడా బహుమతి ఇవ్వాలి.

6. ఆడపిల్లల హాస్టల్‌కీ ఇదే దారి, ఇదే బహుమతి. సైక్లోక్రాస్ ప్రపంచ పోటీ మగవాళ్ళకు 1950లో మొదలైతే, ఆడవాళ్ళకు 2000లో గానీ మొదలు కాలేదు. అక్కడే యాభై ఏళ్ళు ఆలస్యం చేశారు. అవకాశం ఇచ్చాక డచ్చి అమ్మాయి మరియన్ వోస్ 2006 నుంచి 2022 లోపు ఎనిమిది సార్లు ప్రపంచ విజేత అయింది. మన చెల్లెళ్ళను ఒక్క ఏడాది కూడా ఆపొద్దు.

ఆరు సైకిళ్ళుంటే చాలు. నలుగురు చొప్పున తొక్కుతారు, రెండు పక్కన ఉంటాయి. ఒక గాలిపంపు, ఒక స్పానర్ల సెట్టు, ఒక నూనె డబ్బా. పందెం ఏడాదికి ఒక్క రోజే. మిగతా రోజులు ఆ సైకిళ్ళు హాస్టల్‌వే. రాత్రిపూట ఒకడికి జ్వరం వస్తే ఆసుపత్రికి, పరీక్షల రోజు దూరంగా పడిన సెంటరుకు, ఆదివారం లైబ్రరీకి అవే పోతాయి. సైకిల్ బాగుచేయడం కూడా పిల్లలు నేర్చుకుంటారు.

పాత విద్యార్థులకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికీ మనం షీల్డులు ఇస్తున్నాం. వాటి మీద మన పేర్లు చెక్కిస్తున్నాం. ఆఫీసు గదిలో బీరువా నిండిపోయింది, పైవి దుమ్ము పట్టాయి. ఒక షీల్డుకు ఖర్చు పెట్టేది కొంచెం పెంచి, నలుగురు కలిస్తే ఒక సైకిల్ వస్తుంది. సైకిల్ మీద పేరు రాయించుకోవాలనుకుంటే రాయించుకోండి. బురద పడితే కనపడదు, అంతే!

మేము ఆరుగురం ఈ సంవత్సరం రెండు సైకిళ్ళు ఇస్తున్నాం. మిగతా నాలుగూ మీ వంతు. అలాగే మొదటి పందెంలో రెండో స్థానంలో వచ్చినవాళ్ళకు ఒక స్టీలు క్యారేజీ మా తరఫున ఇస్తాం. అది ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఆ రోజు మమ్మల్ని నవ్విన పెద్దమనిషి మీద ఇప్పుడు మాకు కోపం లేదు. ఆయనకు ఆ ఆట తెలియదు, మాకూ తెలియదు. కానీ మీకు ఇప్పుడు తెలిసింది. రేపు ఎవరైనా మీ భుజం మీద సైకిల్ చూసి నవ్వితే, ఇది కూడా పందెమేనని నిలబడి చెప్పండి.

మా కామాటి బాబాయి రిటైరై ఊళ్ళోనే ఉన్నాడు. మొన్న పోయి విషయం చెప్పాం. "సైకిళ్ళు ఎన్నిరా?" అన్నాడు. ఆరు అన్నాం. "అయితే ఈసారి నేను నడవక్కర్లేదు" అని నవ్వాడు. మొదటి పందేనికి జెండా ఊపడానికి ఆయన్నే పిలుద్దాం.

ఇట్లు,
మీ పాత విద్యార్థులు ఆరుగురు